మెత్వల్లి కంటికెత్తిన కెమెరా

మెత్వల్లికి ఎవరి మీదా నమ్మకం లేదు. అది అతని పుట్టుబుద్ధి కాదు, ఉద్యోగం నేర్పిన బుద్ధి. అలెగ్జాండ్రియా ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసే పని అతనిది. మామూలు బట్టల్లో వెనక తలుపులోంచి ఎక్కేవాడు. కంగారుగా జేబులు తడుముకునేవాడి దగ్గర టికెట్ ఉంటుంది. కిటికీలోంచి సముద్రాన్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నవాడి దగ్గర ఉండదు. ఇలా మొహాలు చదివి చదివి, చివరికి ఇంట్లో భార్య తహియ్యా "తలనొప్పిగా ఉంది" అన్నా సరే, నిజంగానే ఉందా అని ఆమె మొహం వంక చూసే స్థితికి వచ్చాడు.

ఫోటోల పిచ్చి కూడా ఈ మొహాల వల్లే పట్టుకుంది. అతని దగ్గర అరచేతిలో ఇమిడే చిన్న కాంపాక్టు కెమెరా ఉండేది. దాని లెన్సు ఊడదు, మారదు, ముందుకు సాగదు. దూరంగా ఉన్న మనిషి దగ్గరగా కనిపించాలంటే మనమే నడిచి వెళ్లాలి. మెత్వల్లి దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, కళ్లు మరెటో తిప్పి, మీట నొక్కేవాడు. చప్పుడు అగ్గిపుల్ల విరిచినంత కూడా ఉండేది కాదు. కర్మూజ్ పేటలో తానుండే సందుని పదేళ్లుగా అలాగే తీస్తూ వచ్చాడు. తనను చూస్తున్నారని తెలిస్తే ఏ మనిషైనా మొహానికి తలుపులు వేసుకుంటాడని అతని నమ్మకం. అందులో అబద్ధం కూడా లేదు.

తీసినవి ఎవరికీ చూపించేవాడు కాదు. చూపిస్తే ఒకడు చింపుతాడు, ఇంకొకడు పోట్లాటకొస్తాడు. కడిగించి తెచ్చిన ఫోటోలు బూట్ల పెట్టెలో వేసి బీరువా మీద పెట్టేవాడు.

ఒకరోజు పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లు సందులోకి దిగారు. షెహాతా కాఫీ కొట్టు ముందున్న గుడ్డ పందిరి పీకేశారు. చేపలమ్మే ఉమ్ హషీమ్ రోడ్డు మీదికి కట్టుకున్న సిమెంటు దిమ్మె పగలగొట్టారు. ఏది ఎక్కడుందో ముందే తెలిసినట్టు తిన్నగా వాటి దగ్గరికే వెళ్లారు. ఎవరు చెప్పి ఉంటారు? సందులో ప్రభుత్వ జీతం తినేవాడు ఒక్కడే. పొట్ట దగ్గర నల్లపెట్టె పెట్టుకుని తిరిగేవాడూ వాడే. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. పొద్దున పుట్టిన భూతం సాయంత్రానికల్లా ఇంటింటికీ తిరిగింది.

మొహాన ఎవరూ అనలేదు. అనుంటే బాగుండేది. షెహాతా, మెత్వల్లి ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. మెత్వల్లి కుర్చీలో కూలబడగానే షెహాతా నాలుగు తిట్లు తిట్టి, అడగకుండానే కాఫీ తెచ్చి పెట్టేవాడు. ఆ సాయంత్రం మాత్రం భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం తీసుకుంటారు సార్?"

తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెత్వల్లి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఏంట్రా ఈ వేషాలు?"

"వేషాలేముందండీ. వచ్చినవాళ్లని గౌరవించాలి కదా."

పక్క బల్ల దగ్గర డామినో ఆడుతున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు. లాగి చెంప మీద కొట్టినా మెత్వల్లికి అంత బాధ కలిగేది కాదు. అతనికి మసీదులో స్నేహితులు లేరు, ఆఫీసులో అసలే లేరు. ఈ ఊళ్లో అతను మనిషిలా కూర్చోగలిగిన చోటు ఆ కుర్చీ ఒక్కటే. అదీ పోతోంది.

ఇంటికి వెళితే తహియ్యా ఇంకో అడుగు ముందుకేసింది. మొగుణ్ణి ఆమె కూతురు నబీలా పేరుతోనే, నబీలా తండ్రీ అని పిలిచేది.

"అబూ నబీలా, ఒట్టేసి చెప్పు. ఫోటోలు వాళ్లకి నువ్వే ఇచ్చావా?"

"నువ్వు కూడానా?"

"అడిగితే తప్పేంటి? మా చెల్లెలింటికి వెళ్లొస్తే దారిలో ఎవరెవరు కనిపించారని నువ్వు నన్ను అడగవూ?"

"నేనివ్వలేదు."

"సరే, నమ్మాను. వాళ్లెందుకు నమ్మాలి? పొట్ట దగ్గర దాచుకుని తీసేవాడిని ఏమనుకుంటారు? దొంగనుకుంటారు, లేదా పోలీసనుకుంటారు. ఫోటోలు తీసేవాడైతే మొహానికెత్తి తీస్తాడు."

ఆ మాట మెత్వల్లికి గుచ్చుకుంది. ఎలాగూ ఆ కాంపాక్టులో రీలు సరిగ్గా తిరగడం మానేసి కొన్నాళ్లయింది. మర్నాడు దాన్ని జేబులో వేసుకుని అత్తారీన్ బజారుకు, గరబెద్ కొట్టుకి వెళ్లాడు. గరబెద్ ఆర్మేనియా మనిషి. పరదేశి కాబట్టి బజారంతా అతన్ని ఖవాగా, అంటే దొరగారు, అని పిలుస్తుంది. పాత కెమెరాలు కొంటాడు, అమ్ముతాడు, రీళ్లు కడిగి ఇస్తాడు. అతను పాతదాన్ని తిప్పి చూసి పక్కన పెట్టి, బల్ల మీద రెండు కెమెరాలు ఉంచాడు.

"ఇది నీ పాతదాని తమ్ముడు. ఇంకా చిన్నది, చప్పుడు ఇంకా తక్కువ. జేబులో ఉంటే నీ భార్యకి కూడా తెలీదు. ఇదేమో రేంజ్‌ఫైండరు. ముసలిదే, గుండె గట్టిది."

మెత్వల్లి ముసలిదాన్ని ఎత్తి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. లెన్సులో బూజుందేమోనని దీపానికి అడ్డం పెట్టాడు. తోలు వాసన కూడా చూశాడు.

"ఇంత మంచిదైతే దీని పాత యజమాని ఎందుకు అమ్ముకున్నాడు, ఖవాగా?"

"అమ్ముకోలేదు. చచ్చిపోయాడు, వాళ్లావిడ తెచ్చిచ్చింది."

"ఎలా చచ్చిపోయాడు?"

"కెమెరా వల్ల కాదులే. ఈ కిటికీలోంచి చూడు. మధ్యలో మనిషి రెండుగా కనిపిస్తాడు. ఈ ఉంగరం తిప్పు. ఇద్దరూ ఒక్కడయ్యాక నొక్కు."

"అంతసేపట్లో వాడు నన్ను చూసేస్తాడు కదా."

"చూస్తాడు మరి. వద్దనుకుంటే తమ్ముణ్ణి తీసుకుపో."

మెత్వల్లి రెండింటి ముందూ చాలాసేపు నిలబడ్డాడు. మనసంతా చిన్నదాని మీదే ఉంది. అతను తీసిన మంచి ఫోటోలన్నీ ఎదుటివాడికి తెలియక వచ్చినవే. ఈ ముసలిది మొహానికెత్తి, ఉంగరం తిప్పుతూ నిలబడితే ఇక మిగిలేవి పెళ్లి ఫోటోలే. అది అతనికి స్పష్టంగా తెలుసు. కానీ చిన్నది పట్టుకుని సందులో అడుగు పెడితే ఈసారి 'సార్' అనడానికి కూడా ఎవరూ నోరు విప్పరు. ఫోటోలు పోతే పోయాయి, సందు నిలిస్తే చాలనుకున్నాడు. పాతదాన్ని మారకంలో ఇచ్చేసి, ముసలిదాన్ని మెడలో వేసుకుని వచ్చాడు.

శుక్రవారం నమాజు అయ్యాక సందు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు, పెళ్లికొడుకులా తలెత్తుకుని. మొట్టమొదట ఉమ్ హషీమ్ దగ్గరికి వెళ్లి కెమెరా కంటికెత్తాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె కెమెరా వంక ఒక క్షణం తేరిపార చూసింది. తలగుడ్డ సర్దుకుని, బుట్టలోంచి పెద్ద బూరీ చేపని తీసి బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"కానీ ఇన్‌స్పెక్టరు గారూ, బాగా తీయండి. చేప కూడా పడాలి."

మంగలి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. డామినో ఆడేవాళ్లు భుజాల మీద చేతులేసుకుని వరస కట్టారు. ఎటు తిరిగినా నవ్వులే. మెత్వల్లి ఆ మొహాలన్నీ చదివాడు. అన్నీ టికెట్ ఉన్నవాళ్ల మొహాల్లాగే కనిపించాయి. చివరికి షెహాతా కూడా పొయ్యి ముందు తిన్నగా నిలబడి, పెదవి కొరుక్కుంటూ, "నా మొహం చక్కగా రావాలి సార్" అన్నాడు. రీలు అయిపోయింది. ఇంత చిన్న పనికి పదేళ్లు ఎందుకు భయపడ్డానా అనుకుంటూ మెత్వల్లి ఇంటికి వెళ్లాడు. చాలాకాలానికి ఆ పూట తహియ్యాని ఏ ప్రశ్నా వేయలేదు.

వారం తిరిగాక గరబెద్ కడిగిన రీలు చేతికిచ్చాడు. దాన్ని వెలుగుకి ఎత్తి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క మొహం లేదు. కిటికీ అద్దంలా ఖాళీగా ఉంది.

"మోసం చేశావు ఖవాగా. పాడైపోయిన పెట్టె అంటగట్టావు."

"ఆగు."

"ఏం ఆగాలి? లేకపోతే కడగడంలో పాడుచేశావు."

"అంచున అంకెలు చూడు. ఎంత నల్లగా పడ్డాయో. కడగడం తప్పయితే అవి కూడా ఉండేవి కావు." గరబెద్ అతని మెడలోని కెమెరాని దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత లెన్సు మీద గోరుతో టకటకమని కొట్టాడు. నల్లని లెన్సు మీద నల్లని మూత. "దీన్ని ఎప్పుడైనా తీశావా?"

మెత్వల్లి మూతని వేలితో తడిమి చూశాడు. కొట్టులో చూపించినప్పుడు అది లేదు. చేతికిచ్చేటప్పుడు గరబెద్ పెట్టాడు కాబోలు.

"చిన్న కెమెరా నుంచి వచ్చినవాళ్లందరూ ఒకసారి చేసే పనే ఇది," అన్నాడు గరబెద్. "దానికి లెన్సు మీది రేకు జరపకపోతే మీటే పడదు. దీనికి అలా కాదు. నువ్వు చూసే కిటికీ వేరు, ఫోటో పడే కన్ను వేరు. కన్ను మూసుకున్నా నీకు లోకమంతా కనిపిస్తూనే ఉంటుంది."

ట్రాములో తిరిగి వస్తుంటే, రెండు స్టాపులు దాటాక మెత్వల్లికి అసలు సంగతి తట్టింది. మూత కనిపించనిది వెనక ఉన్న తనకే. ఎదురుగా నిలబడ్డవాళ్లకి కనిపించదా? ఉమ్ హషీమ్ తేరిపార చూసింది దేన్ని? షెహాతా పెదవి కొరుక్కున్నది ఎందుకు? సందు సందంతా వరస కట్టి, మూసిన కన్ను ముందు నిలబడి నవ్వింది. ఒక్కళ్లు కూడా చెప్పలేదు. ట్రాములో ఎవరూ అతని వంక చూడటం లేదు. అయినా మెత్వల్లి తల దించుకుని కూర్చున్నాడు.

తిన్నగా కాఫీ కొట్టుకే వెళ్లి కెమెరాని బల్ల మీద పెట్టాడు.

"మూత ఉందని నీకు తెలుసా?"

"తెలుసండీ," అన్నాడు షెహాతా.

"ఉమ్ హషీమ్‌కి?"

"ముందు చూసిందే ఆవిడ. ఆవిడ మంగలికి సైగ చేసింది, మంగలి వచ్చి మాకు చెప్పాడు."

"చిన్నప్పటి నుంచి ఎరిగినవాడివి. నువ్వైనా ఒక్క మాట చెప్పలేకపోయావా?"

షెహాతా పొయ్యి తగ్గించి ఇటు తిరిగాడు. ఈసారి అతని నోట్లో గౌరవం లేదు.

"పదేళ్లు నువ్వు మాకు చెప్పకుండా తీశావు. ఒక్క శుక్రవారం మేం నీకు చెప్పలేదు. దానికే ఇంత మాడిపోతే ఎలారా?"

మెత్వల్లికి సిగ్గేసింది. టికెట్ లేనివాళ్ల మొహాల్లో ఎన్నోసార్లు చూసిన సిగ్గే అది.

"నేను వాళ్లకి ఇవ్వలేదురా. నబీలా మీద ఒట్టు."

"ఇచ్చావో లేదో నాకు తెలీదు. ఇవ్వలేదనే అనుకోవాలని ఉంది. కానీ అన్నేళ్లు ఏం తీశావో ఒక్కరోజైనా చూపించావా? మా మొహాలు ఎన్ని నీ ఇంట్లో ఉన్నాయో మాకెలా తెలుస్తుంది?"

మెత్వల్లి ఇంటికి వెళ్లి బీరువా మీది పెట్టెని దించి తెచ్చాడు. డామినో బల్ల మీద బోర్లించాడు. సందు పోగైంది. ఒకడు పందిరి ఫోటో ఉందేమోనని ఒక్కొక్కటీ తిరగేశాడు. అందులో ఉన్నవన్నీ మనుషులే. ఎక్కడో మనిషి తల మీద పందిరి అంచు ఒకటి కనిపించింది. అతను దాన్ని పట్టుకుని కాసేపు ఆలోచించి మళ్లీ కింద పెట్టాడు. మంగలికి తాను నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో దొరికింది. అక్కడే నాలుగు ముక్కలు చేశాడు. మెత్వల్లి ఆ ముక్కల్ని ఏరి పక్కన పెట్టి, మిగతావి వాళ్ల ముందుకి జరిపాడు.

ఉమ్ హషీమ్ చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చింది. ఫోటోలు కదుపుతూ కదుపుతూ ఒకదాని దగ్గర ఆగింది. ఆమె భర్త. కిందటేడు చలికాలంలో పోయాడు. ఫోటోలో తడి చొక్కాతో, చేపని తోక పట్టుకుని ఊపుతూ, ఎవరినో చూసి విరగబడి నవ్వుతున్నాడు.

"ఇది తీసినట్టు ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"తెలిసుంటే ఇలా నవ్వేవాడు కాదు. నువ్వంటే ఆయనకి ఒళ్లు మంట. ట్రాములో ఒకసారి పట్టుకున్నావు." ఆమె ఫోటోని తలగుడ్డ అంచుతో తుడిచి గుండె దగ్గర బట్టల్లో దాచుకుంది. ఇవ్వమనీ అడగలేదు, తీసుకుంటాననీ చెప్పలేదు. "నన్ను మాత్రం ఇంకెప్పుడూ తీయకు."

"అడిగి తీస్తాను."

"అడిగితే వద్దంటాను," అని చేపల దగ్గరికి వెళ్లిపోయింది.

మెత్వల్లి కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. మూత ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పదేళ్లలో ఏ మనిషినీ అడగని మాట అడగడానికి షెహాతా వైపు తిరిగాడు.

"నిన్నొకటి తీయనా?"

షెహాతా ముందు లెన్సు వంక చూశాడు, తర్వాత అతని మొహం వంక చూశాడు. అతనేమనుకుంటున్నాడో మెత్వల్లికి ఈసారి అంతు చిక్కలేదు.

"వద్దురా," అన్నాడు షెహాతా.

చిన్న కెమెరాతో తిరిగిన అన్నేళ్లలో మెత్వల్లి ఈ మాట ఎవరి నోటా వినలేదు. వినే అవసరం లేకుండా చూసుకున్నాడు. ఇప్పుడు విన్నాడు, గట్టిగానే తగిలింది. కెమెరా దించేశాడు.

"సరే. రేపు అడుగుతాను."

"రేపు కూడా వద్దనే అంటానేమో," అన్నాడు షెహాతా. "అయినా అడుగు."