నూటికి పన్నెండు

మా పిన్నికి శాతాలతో పనిలేదు. ఏ డబ్బు గురించైనా "నూటికి ఎంత?" అంటుంది, మనం రూపాయల్లో చెప్పాలి. చిల్లకూరు దగ్గర హైవే పక్కన టిఫిన్ అంగడి నడిపిన మనిషి. ఆమె లోకంలో నూటికి రెండంటే నెలకు రెండు రూపాయలని అర్థం. ఏడాదికి లెక్క చెప్పేది బ్యాంకు వాళ్లొక్కరే, వాళ్లకు లోకం తెలియదని ఆమె నమ్మకం. ఈ చిన్న తేడా మా అమ్మనూ పిన్నినీ ఏడాదికి పైగా మాటల్లేకుండా చేసింది.

అమ్మ లెక్కల టీచరు. ఆమె రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే ఫండులో పెట్టమని నేనే చెప్పాను. నేను నెల్లూరులో ఒక ఆడిటరు గారి దగ్గర పనిచేస్తాను. అయితే అమ్మ వెంటనే తలూపే రకం కాదు. తను ఉద్యోగంలో చేరిన నెలలో పెట్టి ఉంటే ఈపాటికి ఎంతయ్యేదో కట్టి చూపించమంది. అప్పటి సూచీ ఎంతో, ఇప్పటిదెంతో వెతికి పట్టుకుని ఫోన్లో నొక్కబోతే వద్దంది. బీరువాలోంచి అట్ట ఊడిన లాగరిథమ్ పట్టికల పుస్తకం తీసింది.

ముందు ఇప్పటి అంకెను అప్పటి అంకెతో భాగించింది. ఎన్ని రెట్లయిందో తేలింది. దానికి లాగ్ చూసి, ఏళ్ల సంఖ్యతో భాగించి, యాంటీలాగ్ వెతికింది. కళ్లజోడు ముక్కు చివరికి జారుతున్నా పట్టించుకోలేదు. ఆమె వేలు ఆ సన్నని అంకెల వరసల మీద నడుస్తుంటే చూడటం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. ఏడాదికి నూటికి దాదాపు పన్నెండు అని తేలింది. కంపెనీలు పంచే డివిడెండ్లు కలపకుండానే అంత అన్నాను. ఆమె మాత్రం పెదవి విరిచింది.

"ఈ లెక్కకు మొదలూ చివరా తప్ప ఏమీ కనబడదే. మధ్యలో ఎన్నిసార్లు బోర్లా పడిందో ఇందులో లేదు" అంది. అయినా డబ్బు పెట్టడానికి ఒప్పుకుంది.

సరిగ్గా అప్పుడే పిన్ని కారం దోసెల పొట్లంతో వచ్చింది. కాగితాల మీదికి తొంగిచూసి నూటికి ఎంతని అడిగింది. పన్నెండు పిన్నీ అన్నాను. ఆమె దోసెలు బల్లమీద పెట్టి వచ్చిన దారినే వెళ్లిపోయింది. అంగట్లో పని ఉందేమో అనుకున్నాం.

ఆమె వీధిలో రెండు రూపాయల వడ్డీ ధర్మం, మూడు కాస్త ఘాటు, అయిదు పీడించడం. పన్నెండంటే ఇక చెప్పేదేముంది! అక్క ముసలితనంలో నెత్తురు తాగే వడ్డీకి డబ్బు తిప్పుతోందని ఆమె బెంబేలెత్తిపోయింది. ఆ ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ, ఎంతో నొచ్చుకుంటూ, వడ్డీ వ్యాపారం సంగతి ఎత్తారు. అమ్మకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తరువాత పట్టికల పుస్తకం తెచ్చి ముగ్గురికీ పాఠం చెప్పింది. ఏడాదికి పన్నెండంటే నెలకు రూపాయి వడ్డీయే గదా అని పాస్టరు గారు హాయిగా నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, ఇంతా చేసి రూపాయేనా అని జాలిపడ్డాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ నవ్వలేదు. "నన్నొక్క మాట అడగలా. నేరుగా అయ్యగారి కాడికి పోయింది" అంది.

ఆ తరువాతి వారం గుడిలో అమ్మ వేరే బల్ల మీద కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడిన ఇద్దరూ చెరో వైపు పాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ క్రిస్మస్‌కు పిన్ని ఇంటి నుంచి పిండివంటల గిన్నె రాలేదు. మేమూ పంపలేదు.

కరోనా వచ్చింది. గుడి మూశారు. లారీలు ఆగిపోయి పిన్ని అంగడీ మూతబడింది. సూచీ కూలిపోయిందని టీవీలో ఒకటే గగ్గోలు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పిన్ని మూతికి పైట చుట్టుకుని మా గేటు బయట నిలబడింది. చేతిలో చిన్న మూట.

"అక్కా, నీ దుడ్లన్నీ పోయినాయంట గదా. నా కాడ ఇంతే ఉండాది, తీసుకో" అంది.

అమ్మ గేటు తీసింది. దూరం పాటించాలన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అమ్ముకుంటేనే పోయినట్టనీ, తను అమ్మలేదనీ అమ్మ చెబుతూనే ఉంది, పిన్ని వింటే గదా. ఆ మూటలోని డబ్బే తరువాత పిన్ని పేరున అదే ఫండులోకి వెళ్లింది. అది మొదలు ఆ ఫండు పేరు మా ఇంట్లో రూపాయి వడ్డీ.

పోయిన వానాకాలంలో అమ్మ వెళ్లిపోయింది. మొన్న పిన్ని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అక్క దుడ్లు పెట్టిన కాణ్ణించి పోయిన దినం దాకా ఎంత పడిందో కట్టు. మేం మాట్లాడుకోని దినాలు మాత్రం తీసేసి కట్టు" అంది.

ఫోన్ పక్కన పెట్టి అమ్మ పట్టికల పుస్తకం తీశాను. "తీసేయడానికి ఉండదు పిన్నీ. మొదలు చూస్తాం, చివర చూస్తాం. మధ్యలో ఏం జరిగినా ఈ లెక్కకు కనబడదు."

పిన్ని పైటతో కళ్లు తుడుచుకుంది.

"మొదట్లో బాగుండినాం. చివర్లోనూ బాగుండినాం" అంది. "సరే, నూటికి ఎంతో చెప్పు."

"రూపాయి పైమాటే, పిన్నీ" అన్నాను.