తెర పడని మంగళం

పత్తికొండ నరసన్న నలభై ఏళ్లుగా పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాడు. ఈ నలభై ఏళ్లలో కర్నూలు జిల్లా స్టేజీల మీద ఒక్క రాజు కూడా తన రాణిని పూర్తిగా కౌగిలించుకోలేదంటే ఆ పుణ్యం చాలావరకు అతనిదే. నాటకం చివర రాజు చెయ్యి రాణి భుజం దాకా వచ్చిందో లేదో, నరసన్న తలవంచుకుని మంగళహారతి పాట ఎత్తుకునేవాడు. జనం లేచి చేతులు జోడించి, కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ తెర పడేదాకా నిలబడేవాళ్లు. ఆ రాజవంశాలు ఎలా వృద్ధి చెందాయో ఎవరూ అడగలేదు.

అలాంటివాడిని ఏరికోరి పిలిచింది హర్షిణి. బనగానపల్లె అమ్మాయి. పుణెలో సినిమా చదువుకుని వచ్చి, టమాటా మార్కెట్లో పనిచేసే ఆలుమగల మీద గంటన్నర సినిమా తీసింది. దానికి రికార్డు చేసిన సంగీతం లేదు. ఏ ఊళ్లో ఆడితే ఆ చుట్టుపక్కలవాళ్లే తెర ముందు కూర్చుని వాయించాలి. భార్య వేషం శివజ్యోతిది. ఆమె పత్తికొండలో టైలరు. నరసన్న హార్మోనియానికి ఇరవై రెండేళ్లుగా రాణి వేషాలు కట్టిన మనిషి.

అందులో నాలుగు నిమిషాల దృశ్యం ఒకటుంది. మార్కెట్ నుంచి వచ్చిన ఆలుమగలు మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుంటారు. పాలగ్లాసు లేదు, రెండు పువ్వులు తాకవు, దీపం ఆరదు. మన సినిమాల్లో కాపురానికి కావలసిన సామాను ఒక్కటీ లేదు. ఆమే అతన్ని రమ్మంటుంది. జాకెట్టు హుక్కు ఊడిరాక ఇద్దరూ నవ్వుకుంటారు. ఆమె నడుంనొప్పి చూసుకుని అతను పక్కకు ఒత్తిగిలి, మళ్లీ దగ్గరవుతాడు. ఆమెకు సుఖంగా ఉందని ముఖంలో తెలుస్తుంది. గొడవంతా ఆ ముఖంతోనే. ఏడ్చే ఆడదాన్నైతే మన పెద్దమనుషులు ఎంతసేపైనా చూడగలరు.

రిహార్సల్లో నరసన్న ఆ నాలుగు నిమిషాలూ తల ఎత్తలేదు. ఇక్కడ ఏం వాయిస్తారని హర్షిణి అడిగితే మంగళం అన్నాడు. ఆ అమ్మాయి హాస్యమనుకుని నవ్వింది. శివజ్యోతికి మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే అతని ఇంటికొచ్చింది.

"స్టేజీ మీద నన్ను చూసి ఈలలేసినోళ్లను నేనేమీ అన్లేదన్నా. ఈ సినిమాలో నేను సిగ్గుపడే పని చేయలేదు. నువ్వు మంగళం ఎత్తుకుంటే జనం లేసిపోతారు. నేనేదో తప్పు చేసినట్లయితాది" అంది.

నరసన్న మాటిచ్చాడు.

మర్నాడు కర్నూలు కళాసమితి ప్రెసిడెంటు రామకృష్ణ వచ్చాడు. సినిమా వేసే హాలు సమితిదే. ఆయన నిషేధాలకు బద్ధ వ్యతిరేకి, ఎందుకంటే పేపరువాళ్లు రాస్తారు.

"సినిమా ఆపమని ఎవురన్నారప్పా? ఆ ఘట్టం రాంగానే మంగళం ఎత్తుకో. జనమే లేసిపోతారు. ఉగాదికి శాలువా నీకే" అన్నాడు.

నరసన్న దానికీ సరేనన్నాడు. ఎవరినీ కాదనలేని మంచితనం అతనిది. మన దగ్గర పిరికితనానికి ఆ పేరు కూడా ఉంది.

ఆదివారం పొద్దున కర్నూలులో హాలు నిండింది. నాలుగు వందల మంది. ముందు వరసలో ప్రెసిడెంటు, మూడో వరసలో భర్త పక్కన శివజ్యోతి. గంటసేపు నరసన్న హాయిగా వాయించాడు. తర్వాత తెర మీద తలుపు గడియ పడింది. ఎవరి మాట నిలబెట్టాలో అతను అప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకునే పని వేళ్లు చేశాయి. అలవాటుగా తల వంగింది, మంగళం మొదలైంది.

నాలుగు వందల మంది ఒక్కసారిగా లేచారు. చేతులు జోడించారు. కాళ్లు చెప్పుల్లో దూరాయి. తెర పడటం కోసం చూస్తూ నిలబడ్డారు.

తెర పడలేదు. సినిమాకు తెర లాగేవాడు ఉండడని ప్రెసిడెంటుగారికి తట్టలేదు. హారతి మధ్యలో వెళ్లిపోతే అపచారం. కూర్చుంటే, చూడటానికే కూర్చున్నట్టు. దాంతో పెద్దమనుషులంతా చేతులు జోడించుకుని హుక్కుతో కుస్తీ పడుతున్న ఆలుమగల్ని చూస్తూ ఉండిపోయారు. ప్రెసిడెంటు అందరికంటే భక్తిగా నిలబడ్డాడు.

తెర ఇంకా ఎందుకు పడలేదా అని నరసన్న తల ఎత్తాడు. తెర మీద పది అడుగుల ఎత్తున శివజ్యోతి ముఖం కనిపించింది. వెనక్కి తిరిగితే, హాల్లో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది, తల దించుకుని. తెర మీద ఉన్న మనిషికి లేని సిగ్గు కుర్చీలో ఉన్న మనిషికి తనే తెచ్చిపెట్టాడని అతనికి అర్థమైంది. కుడిచేతి వేళ్లు హార్మోనియం మెట్ల మీంచి తీసేశాడు. ఎడమచెయ్యి మాత్రం తిత్తిని ఊపుతూనే ఉంది. అది చిల్లులు పడ్డ పాత తిత్తి. ఇన్నాళ్లూ గట్టిగా వాయించి ఆ గాలి చప్పుడును దాచుకునేవాడు. ఇప్పుడు హాలంతా అదే వినిపించింది, మనిషి ఊపిరిలాగా. తెర మీద హుక్కు ఊడిరాకపోతుంటే వెనక వరసలో ఒకామె నవ్వింది. ఆ వెంటే మరికొందరు ఆడవాళ్లు నవ్వారు, ఎగతాళిగా కాదు, తెలిసిన సంగతికి నవ్వినట్టు. శివజ్యోతి తల ఎత్తింది. తెర మీద గడియ మళ్లీ తీసేదాకా ఒక్కరూ హాలు దాటలేదు.

మర్నాడు పేపర్లో 'దాంపత్య దృశ్యానికి నిలబడి నీరాజనం పట్టిన కర్నూలు' అని వచ్చింది. రామకృష్ణ పేరు మొదట వేశారు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి సమితి ఆఫీసులో తగిలించాడు.

నరసన్న టైలరు షాపుకు పోయి గుమ్మంలోనే ఆగాడు.

"మాట తప్పినాను పాపా."

"తప్పినావులే" అంది శివజ్యోతి మిషను ఆపకుండా. "మంగళం వాయిస్తా పోకుండా మధ్యలో ఎందుకు నిలిపేస్తివి మళ్ల?"

"నీ మొగం చూసినాను."

మిషను ఆగింది. "ఇరవై రెండేండ్లు ఆ మొగంతోనే వేషం కట్టినానన్నా. రాజు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నువ్వు తల దించుకుంటివి. నెలాఖరికి కడపలో ఆట ఉండాది. ఆడన్నా మొదట్నించీ చూస్తావా?"

నరసన్న అలవాటుగా తల దించుకోబోయి, ఆగి, ఆమె ముఖంలోకి చూసి చూస్తానన్నాడు.