జేమ్సు తాత పుట్టిన ఊరు

మా ముత్తాత తండ్రి జేమ్సు, ఐర్లండు దేశపు కెప్టెను. ముత్తాత సత్యనారాయణ మూడు గ్రామాలకు మునసబు. తాత జోగినాయుడు జట్కా కట్టిస్తే తప్ప శ్రీకాకుళం వెళ్ళేవాడు కాదు. మా నాన్న వీధిలోకి వస్తే కూర్చున్నవాళ్ళు లేచేవారు. నా వంతుకు మిగిలింది ఆమదాలవలస దగ్గర మామిడి తోట, అందులో జేమ్సు తాత సమాధి.

ఆ తోట అమ్మకానికి గురువారం రిజిస్ట్రేషను పెట్టుకున్నాం. సమాధి ఉన్న రెండు సెంట్లు మినహాయించాం. ఆయన హోదా, పుట్టిన ఊరు రాతి మీద చెక్కించాకే తోట అప్పగించాలని నా పట్టుదల. సమాధి మీద చెరగకుండా మిగిలిన పేరు, పటాలం నంబరు రాసి పంపితే, బ్రిటిషు సైనిక దస్త్రాల నుంచి ఎనిమిది నెలలకు నాలుగు నకళ్ళు వచ్చాయి. పాతకాలపు గొలుసుకట్టు ఇంగ్లీషు. మా వైపు ఎవరికీ అంతుపట్టలేదు. అలాంటి రాత చదవగల చరిత్ర మాస్టారు ఒకరు విజయనగరంలో ఉన్నారని తెలిసి, మంగళవారం బయల్దేరాను.

ఉదయం ఏడు దాటాక ప్యాసింజరు దొరికింది. ఎదుటి సీట్లో ఎండుచేపల బుట్టతో ఒకావిడ కూర్చుంది. చీపురుపల్లి దాకా నా సంచీనే చూసి, చివరికి అడిగేసింది.

"ఏటి బాబూ, అంత గట్టిగా పట్టుకున్నారు? బంగారమేటి?"

కాగితాలన్నాను.

"కాగితాలకింత కాపలా ఏటి? నా బుట్టని సూడండి. దానికదే కాసుకుంటాది."

రైలుపెట్టె అంతా నవ్వింది. నేను సంచీ వదల్లేదు.

తొమ్మిదిన్నరకు విజయనగరంలో దిగి, స్టేషను ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో కంటోన్మెంటు చేరాను. మాస్టారు భూతద్దంతో సిద్ధంగా ఉన్నారు. గంటసేపు నాలుగు నకళ్ళూ చదివారు. కాఫీ చల్లారిపోయింది.

"మీ తాతగారు కెప్టెను కాదండీ," అన్నారు చివరికి. "డ్రమ్మరు. పద్నాలుగో ఏట చేరారు. చివరిదాకా డప్పు దగ్గరే."

నేను నిటారుగానే కూర్చున్నాను. పుట్టిన ఊరేదని అడిగాను. ఆయన కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టారు. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్ళు రాసే తీరు నాకు తెలుసు. చికాకోల్.

మిగతాది ఆయన కాగితం వెంట కాగితంగా చెప్పారు. తండ్రి ఐరిష్ సిపాయి. తల్లి ఇక్కడి మనిషి, పేరు రాయలేదు. పటాలం స్వదేశానికి మళ్ళినప్పుడు ఆమెను ఓడ ఎక్కనివ్వలేదు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి తండ్రి తీసుకుపోయాడు. అక్కడ తండ్రి పోతే, సిపాయిల బిడ్డల బడిలో చేర్చారు. పద్నాలుగేళ్ళకు హిందూదేశం వచ్చే పటాలంలోనే చేరాడు. ఇరవయ్యొక్కేళ్ళ కొలువు తర్వాత ఇచ్చిన విడుదల పత్రంలో, ఇకపై ఉండబోయే చోటు అనే గడిలో ఒక వరుస ఉంది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు.

"చికాకోల్ దగ్గర, తల్లి వద్ద."

భూతద్దం పక్కన పెట్టి అడిగారు. "ఆవిడ సమాధి ఎక్కడుందండీ?"

లేదని చెప్పబోయి ఆగిపోయాను. జేమ్సు తాత కాళ్ళ వైపు, పాతికడుగుల అవతల, మేం మినహాయించిన రెండు సెంట్లకు బయట, పేరు లేని చిన్న రాయి ఒకటుంది. కెప్టెను గారి గుర్రాన్ని అక్కడ పాతిపెట్టారని మా ఇంట్లో చెప్పేవారు. కొత్త బియ్యం వండిన రోజు మొదటి ముద్ద ఆ రాయికే, తాతకు రెండోది. పసుపు రాసి రవికె గుడ్డ పెట్టేవాళ్ళం. గుర్రానికి రవికె గుడ్డేమిటని చిన్నప్పుడు అడిగితే, అది ఆడ గుర్రమన్నారు. నాలుగు తరాలు అదే నమ్మాం.

మాస్టారి గుమ్మంలోనే నిలబడి, అమ్మకం వ్యవహారం చూస్తున్న మా బావకు ఫోను చేశాను. మినహాయింపును గుర్రం రాయి దాకా పెంచమన్నాను.

"గుర్రం రాయా? దాన్ని పీకి గట్టు మీద పడీమని కొన్నోడు నిన్ననే సెప్పీసినాడు బావా."

"పీకొద్దు. అది గుర్రం కాదు, మా ముసలమ్మ."

"ఇన్నాళ్ళూ గుర్రమని సెప్పింది మీవోళ్ళే గదేటి," అన్నాడు. "సరే, కొలతోణ్ణి మళ్ళీ పిలుస్తాను."

తిరుగు ప్రయాణం కావాలనే బస్సులో చేశాను, శ్రీకాకుళం మీదుగా పోవచ్చని. ఒంటిగంట బస్సు, కిటికీ పక్క సీటు. రణస్థలం దాటాక కూడా ఒకే సంగతి బుర్రలో తిరిగింది. ఆరేళ్ళప్పుడు పోయినవాడు ముప్పై అయిదేళ్ళ వయసులో వచ్చి ఆ గుమ్మంలో నిలబడినప్పుడు, అతనికి తెలుగెంత మిగిలి ఉంటుంది? ఆమె ఎలా పోల్చుకుంది? సగం భూగోళం తిరిగి వచ్చి, తన ముద్ద కంటే ముందు ఆమె ముద్ద పెట్టించిన మనిషి మా ఇంటి మూలపురుషుడు. ఏ కెప్టెను ముందూ నా తల ఇంతగా వంగేది కాదు.

గురువారం పదకొండు గంటలకు రిజిస్ట్రేషను జరిగింది. తోటను సాలూరు లారీల ఆసామికి అమ్మాం, నాలుగు సెంట్లు తప్ప.