నేను కోసుకున్న మూడు సెకన్లు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఆడింది నేను. మచ్చ పడింది మరొకరి పేరు మీద. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బైలలో నేను జగ్గయ్యపేటలో టూరింగ్ టాకీసు ఆపరేటర్ని. ముప్పై ఏళ్లవాణ్ణి. నందిగామ హైస్కూల్లో డేవిడ్ మాస్టారు సైన్సు చెప్పేవారు. నెలకో శనివారం, హైదరాబాదులోని ఒక ఫిల్మ్ లైబ్రరీ నుంచి తన సంతకం మీద డాక్యుమెంటరీ తెప్పించి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మధ్యాహ్నం పూట పిల్లలకు చూపించేవారు. ప్రొజెక్టర్ నడపడానికి నన్ను పిలిచేవారు. ఊళ్లో పెద్దవాళ్లూ వచ్చి గోడ వెంట నిలబడేవారు.

ఆ నెల వచ్చింది పాతకాలపు భూతాల సినిమాలు ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీ. పిల్లలకు దయ్యాల భయం పోగొట్టాలని మాస్టారు ఏరి తెప్పించారు. తెర పక్కన బెత్తం పట్టుకుని, ఇంగ్లీషులో వస్తున్నదాన్ని తెలుగులో చెబుతున్నారు. ఒక నటుడు గంటల తరబడి కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. మొహానికి దూది, జిగురు, పొర మీద పొర.

"గోడకి మెత్తినట్టు మెత్తుతున్నాడేంటిరా, ఊపిరాడుద్దా ఆడికి?" అన్నారెవరో. అందరూ నవ్వారు. చివరికి ఆ మొహం అద్దంలో తనను తాను చూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

తరువాత మేడలు కూల్చే బల్లి వచ్చింది. నిజానికి జానెడు బొమ్మ. ఒక మనిషి దాని తోకను వెంట్రుకవాసి జరిపి, ఒక ఫొటో తీసి, మళ్లీ జరుపుతున్నాడు.

"చూశారా, అక్కడ భూతం లేదు. పనివాడి చెయ్యి ఉంది," అన్నారు మాస్టారు.

పిల్లల భయం పోయిందేమో. నాకు అప్పుడే పట్టుకుంది. రీలు నడిస్తే సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలని నాకు తెలుసు; రోజూ నా చేతుల మీదుగా పోయేవే. కాని ఒక్కొక్క బొమ్మ కోసం ఒకడు ఊపిరి బిగబట్టి ఉంటాడని, లేని ప్రాణాన్ని అలా వెంట్రుకవాసి చొప్పున పోస్తాడని ఎప్పుడైనా అనుకున్నానా? ఒళ్లు జలదరించింది. గుళ్లో కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

అందరూ వెళ్లాక రీలు వెనక్కి చుడుతూ ఆ తోక దగ్గర ఆపాను. గోనె తొలగించి ఎండలో పట్టి చూశాను. రెండడుగులు కత్తిరించి, కొసలు అతికించాను. తెర మీద మూడు సెకన్లు. మా టాకీసుల్లో దీన్ని దొంగతనమని ఎవరూ అనరు. రీలు తెగినప్పుడల్లా నాలుగు బొమ్మలు ఆపరేటరు జేబులోకి పోతాయి, జనం ఈల వేసి ఊరుకుంటారు. ఆ లైబ్రరీలో తిరిగొచ్చిన ప్రతి రీలునూ కొలుస్తారని నాకు తెలియదు. తెలిస్తే మానేవాణ్ణా? ఏమో.

పది రోజులకు మాస్టారు, బల్లి తోక దగ్గర రీలు రెండడుగులు తక్కువైందని లైబ్రరీ రాసిన ఉత్తరం పట్టుకుని జగ్గయ్యపేట వచ్చారు.

"ఏమయ్యా, తోక కొరికింది ఎవరు? బల్లా, నువ్వా?"

"నేనెందుకు కోస్తానండి? వచ్చినప్పుడే అతుకుందండి."

"నిజంగానా?"

"అమ్మతోడండి."

"సర్లే. నువ్వన్నావంటే అంతే. వాళ్లకి అట్టాగే రాసేస్తా."

రాశారు. రీలు నిండుగా పంపినట్టు వాళ్ల రిజిస్టర్లో ఉంది. మాస్టారు బొంకారనుకుని, ఆయన పేరు మీద రీళ్లు పంపడం మానేశారు. శనివారం ఆటలు ఆగిపోయాయి. మాస్టారు నన్ను మళ్లీ అడగలేదు. ఆయనకు తెలుసా? తెలిసే ఊరుకున్నారా? నిలదీసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా తప్పును ఆయన మీదికి తోయడమే కదా.

సిగ్గుచేటైన సంగతి ఇంకొకటుంది. ఆ ముక్కను ఇప్పుడు ఎండలో పట్టినా అదే జలదరింపు.

పోయిన నెల మాస్టారు పోయారు. నందిగామ చర్చిలో సంతాప సభ జరిగింది. ఆయనతో పనిచేసిన మాస్టారొకరు ఆయన గురించి ఎంతో మంచిగా చెప్పి, చివర్లో, "ఆ ఒక్క సినిమా విషయంలోనే మాస్టారు బొంకారు లెండి," అన్నారు. అందరూ ప్రేమగా నవ్వారు. నేను మూడో వరుసలో ఉన్నాను. లేవలేదు.

క్షమించమని అడగడానికి ఆయన లేరు. పన్నెండేళ్లు ఉన్నారు, అడిగానా? ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే. రీలు నందిగామకు నిండుగానే వచ్చింది. కోసింది నేను. మాస్టారు నన్ను నమ్మి రాశారు. ఆయన బొంకలేదు.

ఈ మాట ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు. ఇదిగో, అన్నాను.