ఎదుటి బరువు

ఆత్మకూరు నుంచి హాలియా వైపు పోవాలంటే ఎవరైనా బస్సు కోసం చూస్తారు. కృష్ణా నది మీద పోదామనుకున్నవాళ్లు, నాకు తెలిసినంతలో, మా అక్కా నేనూ మాత్రమే. అది ఎంత తెలివైన ఆలోచనో ఇప్పుడు తేల్చుకునే వీలు లేదు. మేం భయపడిన బండలన్నీ తర్వాత కట్టిన ఆనకట్టల నీళ్లలో మునిగిపోయాయి. కాబట్టి నేను చెప్పిందే సాక్ష్యం.

అది రజాకార్ల కాలం. పట్నంలో నేను చదువుతున్న కాలేజీ సమ్మెలతో మూతపడింది. ఊరికొచ్చాను. అమ్మా నాయినా అప్పటికే పోయారు. ఇంట్లో నేను, అక్క, ఒక బర్రె. అక్కను హాలియా దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావ కమ్యూనిస్టు దళంలో కలిశాక పోలీసులు వాళ్ల ఇంటికి మాటిమాటికీ రావడం మొదలుపెట్టారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పగలగొట్టి పోయేవారు. పగలగొట్టడానికి ఇంకేమీ మిగలనప్పుడు అక్క మా ఇంటికి వచ్చేసింది.

వానలు మొదలైన రోజుల్లో, ఆ వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన మనిషి ఒకడు కబురు తెచ్చాడు. బావ బతికే ఉన్నాడు. కాలు విరిగింది. నల్లమల కొండలు దాటాక, ఏటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గుడిసెల్లో తలదాచుకున్నాడు. నడవగలిగాక ఆవలి ఒడ్డుకు, గుంటూరు వైపుకు పోయి, పేరు మార్చుకుని పొగాకు తోటల్లో కూలి చేసుకుంటాడట. శివరాత్రి దాకా అక్క కోసం చూస్తాడు. ఆ తర్వాత ఎక్కడుంటాడో తనకే తెలియదు. రోడ్డు మీద మాత్రం రావద్దన్నాడు.

అక్క ఆ మాటలన్నీ విని, అతనికి అన్నం పెట్టి, నా వైపు చూసింది. చదువుకున్నవాణ్ణి నేనే కదా.

ముందు అట్లాసు తీశాను. అందులో మా ఊరికీ ఆ గుడిసెలకూ మధ్య దూరం బొటనవేలి గోరంత. మధ్యలో కొంచెం గోధుమరంగు. కాలేజీలో భూగోళం ఉర్దూలో చదివాను కాబట్టి నైలు నది వరదల గురించి తడుముకోకుండా చెప్పగలను. కృష్ణ గురించి మాత్రం అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు. రేవు దగ్గర పుట్టి నడిపే తాత దగ్గరికి పోయాను.

పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు కుట్టిన పెద్ద బుట్ట. దానికి ముందూ వెనకా ఉండవు. చిన్నప్పటి నుంచీ అందులో ఏరు దాటుతూనే ఉన్నాను కనుక నడపడం వచ్చనుకున్నాను. ఒడ్డు దగ్గరి నీళ్లలో ఒక్కణ్ణే దిగి తెడ్డు వేశాను. పుట్టి ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే తిరగసాగింది. రేవు, చింతచెట్టు, తాత, ఆవలి ఒడ్డు, మళ్లీ రేవు. తాత ప్రతిసారీ అదే ముఖంతో కనిపించాడు.

"ఒక్కనివి కూసుంటె గంతే, పటేలా," అన్నాడు నన్ను బయటికి లాగి. "ఎదురుంగ బరువుండాలె."

"మనిషే కావాల్నా తాతా?"

"మనిషైతె మాట్లాడుతడు. దొరకకుంటె రాయి పెట్టుకో."

తాత పుట్టి ఇస్తానన్నాడు గానీ తను రాలేనన్నాడు. కొండల్లోని నీళ్లు తనకు పరిచయం లేనివట. మనిషి కోసం ఊళ్లో తిరిగాను. నాతో చదివినవాళ్లలో ఒకడు జైల్లో ఉన్నాడు. ఒకడు సరిహద్దు దాటిపోయాడు. ఇంకొకడికి కొత్తగా పెండ్లయింది. జైల్లో ఉన్నవాణ్ణి తీసుకురావడమే కొంచెం తేలికనిపించింది. ఆ రోజుల్లో ఊరే అట్లా ఉండేది. అరుగుల మీద ఎవరూ కూర్చునేవారు కాదు. పలకరిస్తే ఏ వైపు మనిషో తెలుసుకుని గానీ జవాబు చెప్పేవారు కాదు.

ఒకనాడు నేను ఇంటికొచ్చేసరికి అక్క జొన్న రొట్టెలు చేస్తోంది.

"ఊరంత తిరిగినవ్. ఇంట్ల ఒక మనిషున్నదని యాదికొచ్చిందా?"

నిజంగానే రాలేదు. నా ఏర్పాట్లలో అక్క దించిరావలసిన మనిషి. తెడ్డు వేయడం రాదు కదా అన్నాను.

"తెడ్డు నువ్వెయ్యి. నేను బరువును. కూసుంట, కదల."

నదికి ఎదురు చెప్పడానికైనా ఒక పద్ధతి ఉంటుంది. అక్కకు ఎదురు చెప్పే పద్ధతి నాకెప్పుడూ దొరకలేదు.

అప్పుడు ఏరు నిండుగా పారుతోంది. నీళ్లు తగ్గేదాకా ఆగాలి. మేం నీళ్లు తగ్గడం కోసం చూస్తూ ఉంటే భారత సైన్యం వచ్చింది. మా ఊళ్లో పోలీసు చర్య అంటే ఒక విమానం మీది నుంచి పోవడం, కచేరీ మీద జెండా మారడం, నిన్నటిదాకా ఖాకీ వేసుకుని తిరిగినవాళ్లు హఠాత్తుగా లుంగీల్లో కనిపించడం. నాతో ఉర్దూలో హాస్యాలాడే దర్జీ మాత్రం ఏ ఖాకీ వేయనివాడు. ఒక ఉదయం అతని ఇంటికి తాళం ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. కుట్టడానికిచ్చిన నా చొక్కా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

బస్సులు తిరగడం మొదలైంది. ఇక అక్కను దర్జాగా బస్సులో దించి రావచ్చు కదా అన్నారు పక్కింటివాళ్లు. రోడ్డు అందరికీ తెరుచుకుంది, మా బావకు తప్ప. దళాలవాళ్ల కోసం ఇప్పుడు సైన్యమే వెతుకుతోంది. అక్క అత్తగారి పల్లెలో క్యాంపు వేశారు. ఆమె బస్సు దిగిందంటే వెనక ఎవరో ఒకరు నడుస్తారు. ఏరు ఒక్కటే ఎవరినీ ఏమీ అడగని దారి.

నీళ్లు తగ్గాయి. నేను ఏర్పాట్లు ఇంకా బాగా చేయసాగాను. తోలు నీళ్లలో నాని మెత్తబడుతుంది కాబట్టి ఏ మధ్యాహ్నం ఎక్కడ ఆగి పుట్టిని ఎండకు బోర్లించాలో ఆలోచించాను. బండల మీద నీళ్లు దూకే చోట పుట్టిని నెత్తికెత్తుకుని నడవాలి కాబట్టి పెరట్లో నెత్తికెత్తుకుని నడిచాను. బర్రె బెదిరింది. ఇంకో తెడ్డు చేయించాను. పాత తోలు తీయించి కొత్త తోలు కుట్టించాను. దీపావళి పోయింది. చలి ముదిరింది.

"గీ ఏర్పాట్ల సంగతి తెలిస్తె మీ బావనే కుంటుకుంట వస్తడు," అంది అక్క. తర్వాత చేతిలో పని ఆపి, మెల్లగా అడిగింది. "నన్ను తోల్కపోతవా తమ్ముడా, దాసుకుంటవా?"

తోలు ఇంకా ఆరలేదని చెప్పాను.

ఆ వారమే బర్రెను పక్కింటి మగ్గంవాళ్లకు అప్పజెప్పి బయలుదేరాం.

ప్రయాణం గురించి చెప్పుకోదగ్గది తక్కువ. ఏరు మొదట వెడల్పుగా, బద్ధకంగా ఉంది. రెండు పక్కలా కొండలు దగ్గరికి జరిగాక నీళ్ల గొంతు మారింది. ఆ గొంతు వినిపించినప్పుడల్లా ఒడ్డుకు చేరి, నేను పుట్టినీ, అక్క మూటలనూ ఎత్తుకుని బండల మీద నడిచేవాళ్లం. లోయలో ఎండ మధ్యాహ్నం కాసేపు వచ్చి పోయేది. నేను ఎంచిపెట్టుకున్న మధ్యాహ్నాలేవీ అక్కడ చెల్లలేదు. మంట వేసి తోలు ఆరబెట్టాం. చీకటి పడితే ఆ పుట్టి కిందే పడుకునేవాళ్లం. అక్క చిన్నప్పటి సంగతులు చెప్పేది. నాకు గుర్తులేనివి కూడా నేను చేశానని చెప్పేది.

ఒకచోట మాత్రం గొంతు ఆలస్యంగా విన్నాను. పుట్టి జారి, రెండు బండల మధ్య దూకి, గిర్రున తిరిగి, కింది మడుగులో తేలింది. అక్క అన్న మాట ప్రకారం కదలలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయింది."

"మరి కండ్లెందుకు తెరుస్తలేవు?"

బావ గుడిసెల దగ్గర ఒడ్డునే కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. అక్కను చూసి కుంటుకుంటూ లేచాడు. బర్రె ఎట్లుందని అడిగాడు. అక్క బాగుందని చెప్పి రొట్టెల మూట విప్పింది. ఆమె కన్నీళ్లు తుడుచుకోవడం నేను చూడలేదు, ఎందుకంటే అప్పుడు నేను తెడ్డును చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాను.

మర్నాడు ముగ్గురం ఆవలి ఒడ్డుకు దాటాం. పుట్టి ఒక్కసారి కూడా తిరగలేదు. అంత నిలకడగా అది ముందెన్నడూ నడవలేదు.

ఇక నేను తిరిగి దాటాలి. అక్క ఒడ్డు వెంట నడుస్తూ రాళ్లు చూసింది. ఒకటి కాలితో కదిపి చిన్నదంది. ఇంకొకటి మొనదేలి ఉంది, తోలు చిరుగుతుందంది. చివరికి నున్నటి గుండు ఒకటి నచ్చింది. బావతో కలిసి దొర్లించుకొచ్చి, తను కూర్చునే చోటనే పెట్టింది.

"నా అంత ఉంటది," అంది. "కదలదు. నాకంటె నయం." తర్వాత, "మిగిలిన రొట్టెలు నువ్వే తిను. దాసిపెట్టకు," అంది.

దాటాను. ఎదురుగా రాయి ఉంది కాబట్టి పుట్టి తిన్నగానే పోయింది. తిన్నగా పోతే వెనక్కి చూసే వీలుండదు. ఒక్కసారైనా తిరిగితే బాగుండునని మధ్యలో అనిపించింది.

పుట్టిని బస్సు మీద వేసుకుని ఊరికి బయలుదేరాను. నాకూ దాని పక్కనే జాగా దొరికింది. దారిలో సైనికుడొకడు అదేమిటని అడిగాడు. 'టోక్రా' అన్నాను, బుట్టే కదా. ఎక్కడి నుంచి వస్తున్నావన్నాడు. అక్కను బావ దగ్గర దించి వస్తున్నానన్నాను. అన్నీ నిజాలే. పట్నంలో చదివిన ఉర్దూ పనికొచ్చింది ఆ ఒక్కసారే.

తాతకు పుట్టి అప్పగించాను. వేలితో తోలు నొక్కి చూశాడు.

"ఆవల నుంచి ఒక్కనివి ఎట్ల దాటినవ్?"

"రాయి పెట్టుకున్న."

"మాట్లాడిందా?"

"అక్కకంటె జర తక్కువ."

తాత నవ్వలేదు. పుట్టిని ఎండకు బోర్లించాడు. తడి తోలును కుక్కలు కొరుకుతాయట, ఆరేదాకా ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలట. ఆ తోలు అప్పటికే బస్సు మీద ఎండకు కర్రలా ఎండి ఉంది. ఇద్దరికీ తెలుసు.

పొద్దుగూకేదాకా కూర్చున్నాను. తాత కూడా ఎక్కడికీ పోలేదు.