టైపు మాస్టారికి వచ్చిన మెయిలు

మా టైపు మాస్టారు పోయారు. నేను బస్సులో ఉండగా ఆయన భార్య ఫోను చేశారు. "మీ సార్ పోయిండమ్మా. పొద్దున చాయ తాగి మళ్ల ఒరిగిండు, లేవలే." పంజగుట్ట చౌరస్తాలో దిగిపోయి, ఎటు నడవాలో తోచక అక్కడే నిలబడ్డాను.

గుంటూరు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో చేరినప్పుడు ఈ నగరంలో నాకు తెలిసిన మొదటి పెద్దమనిషి ఆయనే. సందంతా కంప్యూటరు కోర్సుల బోర్డులు. వాటి మధ్య ఒక మేడ మీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్. కీబోర్డు మీద చెయ్యి తిరగాలని నాలాంటివాళ్లం కొందరం ఇంకా వెళ్లేవాళ్లం. మా వేళ్ల మీద తువ్వాలు కప్పి, అక్షరాలు చూడకుండా కొట్టించేవారు. తప్పు పడి నేను ఆగిపోతే, "తప్పు కొట్టు, ఫికర్ లేదు. ఆగకు. ఆగితే చెయ్యి భయపడ్తది" అనేవారు. బస్సులో నిలబడ్డప్పుడు కూడా కడ్డీ మీద ఆయన వేళ్లు ఏదో ఒకటి కొడుతూనే ఉండేవి.

రానురాను నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. అమెరికా డాక్టర్లు చెప్పింది విని ఇక్కడ టైపు చేసే కంపెనీలు అప్పుడే వెలుస్తున్నాయి. పంజగుట్టలో అలాంటి ఒకదానికి మాస్టారు దరఖాస్తు పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి, కొత్త చొక్కా వేసుకుని ఫొటో దిగి వచ్చారు. మెయిల్ ఐడీ నేనే చేసిచ్చాను.

కొన్నాళ్లకు ఒక మెయిలు వచ్చింది. జత చేసిన ఫైలు చూడమన్న ఒక్క ముక్క తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆ ఫైలు నెట్ సెంటరులో తెరుచుకోలేదు. నాకూ చేతకాలేదు. మాస్టారు తెలిసినవాళ్లనల్లా అడిగారు. కింది అంతస్తులో కంప్యూటరు పాఠాలు చెప్పే అతను ఒకప్పుడు ఆయన దగ్గరే టైపు నేర్చుకున్నాడు. "సార్, ముందుగాల మా కోర్సుల చేరుండ్రి, అప్పుడు చెప్త" అని పక్కవాళ్లకు కన్నుకొట్టాడు. అందరితోపాటు మాస్టారు కూడా నవ్వారు.

చివరికి శ్రీనగర్ కాలనీలో బావమరిది ఇంటికి బయలుదేరారు. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోనే కంప్యూటరు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ఆదివారం కావడంతో ఇంటినిండా చుట్టాలు. అతను తెర ముందు కూర్చుని ఏవేవో నొక్కాడు. స్పీకర్లలోంచి ఎవరో తెల్లవాడి గొంతు గబగబా మాట్లాడింది.

"బావా, అమెరికోడు నిన్ను తిడ్తుండు!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

"జర మెల్లగ చూడు బామ్మర్దీ. నౌకరి సంగతేమో."

"నౌకరా? గీ వయసుల? ఇది వైరస్ బావా! ముట్టుకుంటే నా కంప్యూటర్ సుత ఖతం." అంటూనే మెయిలు చెరిపేశాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆయన పేరు 'వైరస్ బావ'.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఇంకో మెయిలు వచ్చింది. పరీక్ష కోసం పంపిన మాటలు విని టైపు చేసి పంపలేదు కనుక ఉద్యోగం వేరొకరికి ఇచ్చేశామని. మాస్టారు నెట్ సెంటరులో తెర మీదకు వంగి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివారు. తెర ఆపేసి అన్నారు: "ఇంట్ల చెప్పకమ్మా. ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. వానికి సుత తెల్వలేదేమో, పాపం."

ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లు తూకానికి పోయాయి. ఒక్కటి మిగుల్చుకుని, మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసు గోడ పక్కన అఫిడవిట్లు కొడుతూ గడిపారు. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆయన నేర్పిన వేగమే. ఆ సంగతి చెబుదామని స్వీట్లు పట్టుకెళ్తే, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తను ఎండలో నిలబడ్డారు.

మొన్న నెల మాసికానికి వెళ్లాను. భోజనాల్లో బావమరిది నా ఎదుటి వరసలో కూర్చుని చుట్టాలకు ఆ కథే చెబుతున్నాడు.

"అసల్ సంగతేందంటే, గది వైరస్ కాదు. టైపింగ్ టెస్టు! ఎట్ల చెయ్యాల్నో అండ్లనే చెప్పిండు. గా వయసుల పోరగాళ్ల నడుమ కూసుంటే మన ఇజ్జత్ ఏం గావాలె? నేనే డిలీట్ కొట్టిన. పోయేదాంక తెల్వనే లేదు ఆయనకు!"

ఒకరిద్దరు నవ్వారు. అతని వెనక, అన్నం గిన్నెతో, మాస్టారి భార్య నిలబడి ఉన్నారు.

ఆమె తమ్ముడి తల మీదుగా నా వైపు చూశారు. "మీ సార్‌కు ఎరుకేనా అమ్మా?"

"పరీక్ష పోయిందని తెలుసండీ. మీకు చెప్పొద్దన్నారు. మీ తమ్ముడు కదా అని."

ఆమె వంగి తమ్ముడి విస్తట్లో ఒక గరిటె అన్నం వేశారు. ఇంకొకటి వేశారు.

"చాలక్కా," అన్నాడతను.

"తిను తమ్మీ. మీ బావ పేరు మీద పెడ్తున్న."

కూరలన్నీ అన్నం కింద కప్పబడిపోయాయి. మెతుకులు విస్తరి దాటి అతని తెల్ల ప్యాంటు మీద రాలుతున్నాయి. పంక్తిలో ఎవరి చెయ్యీ నోటిదాకా లేవలేదు. గరిటె గిన్నె అడుగును గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఇంకా వడ్డిస్తూనే ఉన్నారు.