శ్రుతి ఇచ్చే చోటు

నలుగురు కలిసి పాడే చర్చి పాటల్లో మా ఆయనది కింది గొంతు. టెక్సాస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్లో గోడౌన్ పనికి వెళ్లే రోజుల్లో, పక్కన పనిచేసే నల్లజాతి పెద్దాయన తన చర్చికి తీసుకెళ్లి ఆ పాడే తీరు నేర్పాడు. ఆ తర్వాత మా తెలుగు చర్చిలో ముగ్గురిని పోగేసి, పాతికేళ్లు టెక్సాస్ అంతా తిరిగి పాడాడు. వాయిద్యాలు ఉండవు. పాటకు ముందు ఆయన నోరు మూసుకునే గొంతులో శ్రుతి పలికించేవాడు. మిగతా ముగ్గురూ దాన్ని అందుకునేవారు. అది లేకుండా వాళ్లు ఒక్క పాటా ఎత్తుకున్నది లేదు.

ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిన మూడో నెలలో, ఒక శనివారం మధ్యాహ్నం ఆ ముగ్గురూ ఇంటికొచ్చారు.

"వదినా, ప్లేనోలో ఒకాయన ఉన్నాడు. బాగా పాడతాడు. వచ్చే సండే నుంచి అన్నయ్య ప్లేస్‌లో ఆయన్ని పెట్టుకుందామని..." అన్నాడు పై గొంతు పాడే ఆయన, నా మొహం చూడకుండా.

మా ఆయన బట్టలు ఇచ్చేశాం, మంచం తీసేశాం. ఇక మిగిలింది ఆ ముగ్గురి పక్కన ఆయన నిలబడే చోటు ఒక్కటే.

"ఒక్కసారి ముగ్గురే పాడండి. పాట నడవకపోతే ఎవర్నైనా తెచ్చుకోండి," అన్నాను.

"శ్రుతి ఎవరిస్తారు వదినా? వీడిస్తే పాస్టరుగారు కూడా లేచి వెళ్లిపోతారు," అని ఒకాయన పక్కాయన్ని దెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

హాల్లో నిలబడ్డారు. అలవాటుగా మా ఆయన చోటు ఖాళీగా వదిలారు. నేను వంటింట్లోకి వెళ్లి బెండకాయలు తరుగుతున్నాను. అప్పుడు శ్రుతి వచ్చింది. ఆయనదే. చివర్లో కొంచెం గరుకుగా తేలే ఆ గొంతే. ముగ్గురూ అందుకున్నారు. పాట చివరిదాకా నడిచింది.

తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు.

"ఫోన్‌లో రికార్డింగ్ ప్లే చేశారా వదినా?"

"నా ఫోన్ కార్‌లో ఉంది."

"మరి ఎవరిచ్చారు?"

పై గొంతు ఆయన నన్నే చూస్తున్నాడు. "మీరే వదినా. ఇంకా ఆపలేదు."

నోటి మీద, గొంతు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. నోరు మూసే ఉంది. గొంతు మాత్రం వణుకుతోంది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ.

అక్కడి నుంచే ప్లేనో ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. పాటల పుస్తకం చదవడం కూడా సరిగా రాని నేను, ఇప్పుడు ఆదివారాలు మా ఆయన చోట నిలబడుతున్నాను. ఆ చోటు పరాయివాళ్లకు పోలేదు, అంతవరకు సంతోషమే. కానీ నేను ఊపిరి తీసుకోకముందే శ్రుతి వచ్చేస్తుంది. పాట అయిపోయాక, పాస్టరుగారు వాక్యం చెబుతున్నప్పుడు కూడా ఒక్కోసారి ఆగదు. పెదవులు బిగించి, చేత్తో గొంతు పట్టుకుని కూర్చుంటాను.